యుద్ధకాలపు వర్తక నియంత్రణ: విశాఖ తీరం, పెందుర్తి దారి

పరాయి పాలనలో ఉన్న ప్రాంతానికి యుద్ధం వస్తే, ఏ సరుకు ఓడెక్కాలి, ఏది గోదాములో ఆగిపోవాలి అన్నది అక్కడి రైతూ తేల్చడు, వర్తకుడూ తేల్చడు. లండన్‌లో పుట్టిన ఉత్తర్వు మద్రాసు మీదుగా రేవుకు, రేవు నుంచి రైలు కట్ట వెంబడి ఊరి కొట్టు దాకా దిగివచ్చేది. ఉత్తరాంధ్రలో ఈ చరిత్ర రెండున్నర శతాబ్దాల నాటిది. విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల చుట్టూ, వాటికి లోపలి నుంచి సరుకు చేర్చే దారుల చుట్టూ అది సాగింది. ఆ దారుల మీది ఊళ్లలో పెందుర్తి ఒకటి. ఇప్పుడు మహా విశాఖ నగరంలో కలిసిపోయిన ఈ ఊరి మీదుగానే అరకు వైపు వెళ్లే రోడ్డూ, విజయనగరం, కొత్తవలసల నుంచి సింహాచలం చేరే రైలు మార్గమూ పోతాయి. మన్యం సరుకు, మధ్య పరగణాల ఖనిజం, డెల్టా బియ్యం ఈ రోడ్డూ రైలూ ఆధారంగానే కదిలాయి. ఆ సరుకును ఆపినా, దారి మళ్లించినా ముందుగా తెలిసేది ఇలాంటి ఊళ్లకే.

ఫిరంగుల మధ్య బట్టల బేరం

విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దం చివర్లో వర్తక స్థావరం పెట్టింది. భీమునిపట్నంలో డచ్చివారు, గోదావరి పాయ మీద యానాంలో ఫ్రెంచివారు ఉండేవారు. ముగ్గురికీ కావలసిన సరుకు ప్రధానంగా ఒకటే: పుంజాల (పడుగు పోగుల కట్టల) లెక్కన నేసిన నూలు బట్ట. యూరప్‌లో ఈ మూడు దేశాల మధ్య యుద్ధం మొదలైనప్పుడల్లా ఇక్కడి సాలెవాడి మగ్గం మీద ఆ ప్రభావం పడేది. ముందుగా డబ్బిచ్చి బట్ట నేయించుకునే పద్ధతి కాబట్టి, కొనేవాడి రేవు శత్రువు చేతికి చిక్కితే నేసిన బట్టకు దిక్కుండేది కాదు.

1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ విశాఖపట్నాన్ని పట్టుకున్నాడు. మరుసటి ఏడు విజయనగరం ఆనంద గజపతి రాజు దాన్ని ఫ్రెంచివారి నుంచి తీసుకుని ఆంగ్లేయులకు అప్పగించాడు. 1758 డిసెంబరులో ఫ్రెంచివారు ఓడిన చందుర్తి యుద్ధంతో ఉత్తర సర్కారుల మీద ఫ్రెంచి పట్టు సడలిపోయింది. ఆ తర్వాత కూడా యూరప్‌లో ఎప్పుడు పోరు రేగినా ఆంగ్లేయులు చేసిన మొదటి పని పొరుగు రేవులను స్వాధీనం చేసుకోవడమే. డచ్చివారి భీమునిపట్నాన్ని 1781లో తీసుకున్నారు, సంధి కుదిరాక తిరిగిచ్చారు, 1795లో మళ్లీ తీసుకున్నారు. 1825లో అది శాశ్వతంగా ఆంగ్లేయులదైంది. యానాం కూడా ఇలాగే చేతులు మారుతూ నెపోలియన్ పతనం తర్వాత ఫ్రెంచివారికి దక్కింది. దక్కినా స్వేచ్ఛగా దక్కలేదు. 1815 ఒప్పందం ప్రకారం తమ స్థావరాల ఉప్పు వర్తకాన్ని ఫ్రెంచివారు ఆంగ్లేయులకు వదులుకున్నారు. బదులుగా ఏటా 4 లక్షల సిక్కా రూపాయలు పుచ్చుకున్నారు. యుద్ధంలో పెట్టిన పట్టును శాంతికాలంలోనూ సడలనివ్వకపోవడం ఈ చరిత్రలో పదేపదే కనబడుతుంది.

విశాఖ సముద్రమే యుద్ధరంగమైన రోజు 1804 సెప్టెంబరు 15. సెంచూరియన్ అనే యుద్ధనౌక కాపలాలో బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండు వర్తక నౌకలు రేవు ముందు లంగరు వేసి ఉన్నాయి. ఫ్రెంచి నౌకాధిపతి లినోయి మరెంగో అనే పెద్ద యుద్ధనౌకతో, మరో రెండు ఫ్రిగేట్లతో వాటి మీద విరుచుకుపడ్డాడు. బార్నబీ ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలిపోయింది. ప్రిన్సెస్ షార్లెట్‌ను ఫ్రెంచివారు పట్టుకుపోయారు. గట్టిగా దెబ్బతిన్న సెంచూరియన్ లోతు తక్కువ నీళ్లలోకి జరిగి బతికిపోయింది. వర్తక నౌకలు కాపలా లేనిదే కదలలేని రోజులవి. కాపలా ఉన్నా సరుకు గమ్యం చేరుతుందన్న భరోసా లేదని ఆనాటి తీరం కళ్లారా చూసింది.

రెండేళ్లకు, 1806లో, నెపోలియన్ బెర్లిన్ శాసనంతో యూరప్ రేవులను బ్రిటిష్ సరుకుకు మూసేశాడు. కంపెనీ కొన్న తెలుగు బట్ట లండన్ చేరి, అక్కడి నుంచి యూరప్ దేశాలకు మళ్లీ ఎగుమతి అయ్యేది. ఆ ద్వారం మూతపడటంతో కొనుగోళ్లు తగ్గాయి. ఆ వెంటనే లంకషైర్ మిల్లు బట్ట వచ్చిపడింది. ఉత్తర సర్కారుల నేత పనివారి పతనానికి మిల్లు బట్ట ఒక్కటే కారణమని చెప్పడం అలవాటైంది కానీ, దానికి ముందే యుద్ధం వారి బజారును సగం మూసేసిందన్నది మరువకూడదు.

ఎండెన్ తిరిగిన రోజులు

19వ శతాబ్దంలో తీరం సరుకు మారింది. నీలిమందు, కరక్కాయలు, వలిసెలు, నువ్వులు, గోగునార భీమునిపట్నం నుంచి వెళ్లేవి. ఈ గోగునారను విదేశీ వర్తకులు బిమ్లీ జనుము అని పిలిచేవారు. చిట్టివలస, నెల్లిమర్లలలో దాంతో గోనె సంచులు నేసే మిల్లులు వచ్చాయి. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది కూడా ఈ జిల్లాలోనే, 1892లో, చీపురుపల్లి, గరివిడి ప్రాంతంలో. ఆ ఖనిజాన్ని కొనేవారిలో బ్రిటన్‌తోపాటు జర్మనీ, బెల్జియం ఉండేవి. ఇక్కడి నుంచి వలస వెళ్లే జనంలో ఎక్కువమంది రంగం (బర్మా) వెళ్లేవారు. రంగూను మిల్లుల్లో, రేవు పనుల్లో చేరి, ఇంటికి మనియార్డర్లు పంపేవారు.

1914లో యుద్ధం మొదలవగానే శత్రుదేశాలతో వర్తకాన్ని నిషేధించారు. జర్మన్ కొనుగోలుదారు ఒక్క రోజులో మాయమయ్యాడు. జర్మన్ రంగులూ రాలేదు. రంగు నూలు మీద ఆధారపడ్డ నేతగాళ్లకు అది పెద్ద దెబ్బ. సెప్టెంబరులో జర్మన్ యుద్ధనౌక ఎండెన్ బంగాళాఖాతంలో వరుసగా వర్తక నౌకలను ముంచి, 22వ తేదీ రాత్రి మద్రాసులోని చమురు ట్యాంకులను పేల్చేసింది. తీరం పొడవునా నౌకల రాకపోకలు స్తంభించాయి, బీమా ధరలు పెరిగాయి. రంగం ప్రయాణాలకూ ఆటంకం ఏర్పడింది.

తర్వాత నియంత్రణ ఇంకో రూపం తీసుకుంది. సైన్యానికి అవసరమైన సరుకుకు మాత్రం గిరాకీ అమాంతం పెరిగింది. కందకాల్లో ఇసుక సంచుల కోసం గోనె కావాలి. బూట్ల కోసం తోలు కావాలి. మద్రాసు రాష్ట్రంలో తంగేడు చెక్కతో సగం పదును చేసిన తోళ్లను 1916 నుంచి బ్రిటిష్ యుద్ధశాఖ తానే కొనడం మొదలుపెట్టింది. యుద్ధానికి పనికొచ్చే సరుకు పండించిన ఊరు నాలుగు డబ్బులు చూసింది. పనికిరాని నూనెగింజలు పండించిన ఊరు ఓడ కోసం ఎదురుచూసింది. అన్ని ఊళ్లూ కలిసి భరించింది మాత్రం ధరల పెరుగుదలను. 1918లో మద్రాసు రాష్ట్రంలో అనేకచోట్ల జనం ధాన్యపు కొట్ల మీద పడ్డారు. యుద్ధం ముగిసే వేళకు ఆకలి బజారుకెక్కింది. ప్రభుత్వం ధరల అదుపు గురించి ఆలోచించింది అప్పుడే.

కొత్త రేవు, మాంగనీసు బళ్లు

రెండు యుద్ధాల నడుమ విశాఖ రూపం మారిపోయింది. మధ్య పరగణాల మాంగనీసును దగ్గరి దారిన సముద్రానికి చేర్చాలని బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టుబట్టింది. రాయపూర్ నుంచి విజయనగరం దాకా లైను 1931 నాటికి పూర్తయింది. విశాఖలో లోపలి రేవును తవ్వారు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ అందులోకి వచ్చింది. ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. విజయనగరంలో మలుపు తిరిగిన ఖనిజం బళ్లు కొత్తవలస, పెందుర్తి, సింహాచలం మీదుగా రేవుకు దిగేవి. దీంతో పాత రేవులు భీమునిపట్నం, కళింగపట్నం వెనకబడ్డాయి.

ఈ రేవు ఇక్కడి జనం కోసం కట్టింది కాదు. లోపలి ఖనిజాన్ని బయటికి పంపడమే దాని ప్రధాన ఉద్దేశం. తీరపు బియ్యంలో కొంతేమో బర్మా నుంచి వచ్చేది. ఖనిజం వెళ్లే దారి ఒకటి, బియ్యం వచ్చే దారి ఇంకొకటి, రెండింటి మీదా స్థానికులకు మాట చెల్లదు. 1942లో ఈ ఏర్పాటు ఎంత బలహీనమైనదో బయటపడింది.

లైసెన్సుల రాజ్యం

1939 సెప్టెంబరులో, శాసనసభలతో సంప్రదించకుండానే, వైస్రాయి భారతదేశాన్ని యుద్ధంలోకి దించాడు. భారత రక్షణ చట్టం, దాని కింద నిబంధనలు వచ్చాయి. విదేశీ మారకం రిజర్వు బ్యాంకు అదుపులోకి వెళ్లింది. 1940 మే నెలలో 68 రకాల వినియోగ వస్తువుల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేశారు. తర్వాత దాదాపు ప్రతి దిగుమతికీ అదే పద్ధతి విస్తరించింది. రక్షణ నిబంధనల్లో 84వది దీనికి ఆధారం, ధరల అదుపుకు 81వది. గుమస్తాలకూ వర్తకులకూ ఈ రెండు అంకెలు త్వరలోనే కంఠతా వచ్చాయి.

1940 జూన్‌లో ఫ్రాన్స్ లొంగిపోయింది. వేరుశెనగ పండించే తెలుగు రైతుకు ఇది నేరుగా తగిలింది. మద్రాసు రాష్ట్రపు వేరుశెనగను ఎక్కువగా కొనేది ఫ్రాన్స్, జర్మనీ, హాలెండ్ వంటి దేశాలే. అవన్నీ ఒక్కసారిగా బజారు నుంచి తప్పుకోవడంతో రాయలసీమలో ధర పడిపోయింది. 1941 జులైలో జపాన్ ఆస్తులను స్తంభింపజేయడంతో తూర్పు బజారు కూడా మూతపడింది.

మాంగనీసు, నెల్లూరు అభ్రకం కథ వేరు. అవి లేనిదే ఉక్కు లేదు, రేడియో పరికరాలు లేవు. అభ్రకాన్ని కొనేందుకు బ్రిటన్, అమెరికా కలిసి ఒక ఉమ్మడి సంస్థను పెట్టాయి. ఇలా అమెరికాకు అమ్మగా వచ్చిన డాలర్లు ఇక్కడికి రాలేదు. స్టెర్లింగ్ ప్రాంతపు దేశాల డాలర్లన్నీ లండన్‌లోని ఉమ్మడి నిధిలో కలిసేవి. భారత ఖాతాలో స్టెర్లింగ్ పద్దు రాసేవారు. యుద్ధం ముగిసేనాటికి ఆ పద్దు సుమారు 1,700 కోట్ల రూపాయలకు చేరింది. దానికి ఎదురుగా ఇక్కడ నోట్లు అచ్చు వేశారు. యుద్ధానికి ముందు సుమారు 180 కోట్లున్న నోట్ల చలామణి, యుద్ధాంతానికి 1,100 కోట్లు దాటింది. సరుకు తగ్గి నోట్లు పెరిగితే ధర ఎక్కడికి పోతుందో చెప్పనక్కరలేదు. టోకు ధరలు రెట్టింపుకు మించాయి. భారతదేశం బ్రిటన్‌కు అప్పిచ్చిందని లెక్కల్లో కనిపించే ఆ మొత్తంలో, పూట గంజి తగ్గించుకున్న కూలివాడి వాటా ఉంది.

స్వదేశీ వర్తకులకు దక్కిన ఒక అవకాశం కూడా ఇక్కడే కొట్టుకుపోయింది. వాల్‌చంద్ హీరాచంద్ నాయకత్వంలోని సింధియా కంపెనీ విశాఖలో నౌకా నిర్మాణ కేంద్రానికి పూనుకుంది. 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఓడలు మునిగిపోతున్న కాలంలో ఓడలు కట్టే కర్మాగారానికి ప్రభుత్వం అండగా నిలవాలి. కానీ యుద్ధ అవసరాల్లో మరమ్మతులకే ప్రాధాన్యమంది, కొత్త వర్తక నౌకల నిర్మాణానికి చేయూత ఇవ్వలేదు. సింధియా ఓడలను మాత్రం యుద్ధపనికి తీసుకుంది.

1942: రంగం మూతపడింది, రేవు మీద బాంబులు

1942 మార్చి 8న రంగూను జపాన్ సేనల వశమైంది. బర్మా నుంచి భారతదేశానికి ఏటా 10 లక్షల టన్నులకు పైగా వచ్చే బియ్యం ఆగిపోయింది. ఏప్రిల్‌లో యెనాంజాంగ్ చమురు బావులను వెనుదిరిగే బ్రిటిష్ సేనలే పేల్చేశాయి. కిరసనాయిలు కరువుకు మూలం అదే. బర్మాలో 1931 లెక్కల ప్రకారం లక్షన్నరకు పైగా తెలుగువారు ఉండేవారు. ఓడ దొరికినవారు ఓడలో, దొరకనివారు మణిపూర్, అస్సాం కొండలు దాటి కాలినడకన వచ్చారు. దారిలో చనిపోయినవారు వేలల్లో ఉన్నారు. ఉత్తరాంధ్ర పల్లెకు రంగం డబ్బు ఆగిపోయిన నెలలోనే రంగం బియ్యం కూడా ఆగిపోయింది. తినే నోళ్లేమో పెరిగాయి.

ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ ఒకటి రెండు రోజుల్లోనే బంగాళాఖాతంలో 20కి పైగా వర్తక నౌకలు మునిగాయి. ప్రాణనష్టం కంటే భయం పెద్దది. పట్నం జనం మూటలు కట్టుకుని లోపలి ఊళ్లకు తరలిపోయారు. సింధియా యంత్రాలను బొంబాయికి తరలించారు. తీరం వెంబడి ఓడ వర్తకం ఆగిపోయింది.

ఆ బరువంతా రైలు మీద పడింది. విశాఖ, కాకినాడ రేవుల మధ్య పడవల్లో, ఓడల్లో వెళ్లే బియ్యం, ఉప్పు, బొగ్గు అన్నీ రైలు వ్యాగన్ల కోసం ఎదురుచూశాయి. యుద్ధ రవాణా శాఖ ప్రాధాన్య క్రమం నిర్ణయించింది. ముందు సైనికులు, మందుగుండు, తర్వాత సైనిక అవసరాల సరుకు, ఆ తర్వాతే జనం తిండి. పెందుర్తి మీదుగా పోయే పట్టాల మీద ఇలా వరస కట్టిన బళ్లలో ఒక్కో వ్యాగన్‌కూ ఒక్కో అనుమతి కాగితం కావలసివచ్చింది. పెట్రోలు రేషనుతో బస్సులు తగ్గాయి. తిరిగేవి బొగ్గు గ్యాసుతో తిరిగేవి. మన్యం నుంచి చింతపండో పసుపో తెచ్చే వర్తకుడు మళ్లీ ఎడ్లబండినే నమ్ముకున్నాడు.

ఇంకో గోడ దేశం లోపలే లేచింది. ధాన్యం తమ సరిహద్దు దాటకూడదని ఒక్కో రాష్ట్రమూ కట్టడి పెట్టుకుంది. 1936లో ఒరిస్సా ఏర్పడి జయపురం, కోరాపుట్ విశాఖ జిల్లా నుంచి విడిపోయాయి. అంతకుముందు ఒకే జిల్లాగా ఉన్న కొండకూ మైదానానికీ మధ్య ఇప్పుడు రాష్ట్ర సరిహద్దు ఉంది. పాత బేరాలు అనుమతి లేనిదే చేయరానివయ్యాయి. బెంగాల్‌లో ఇది మరింత ఘోరంగా పరిణమించింది. అక్కడ శత్రువుకు అందకూడదని తీరపు పడవలను కూడా స్వాధీనం చేసుకున్నారు. 1943 కరువులో లక్షలాది మంది చనిపోయారు. జపాన్ ఆక్రమణలోని ఫ్రెంచి ఇండోచైనాలోనూ 1944–45లో బియ్యం బలవంతపు సేకరణ, తెగిన రవాణా కలిసి టోంకిన్‌ను కరువులో ముంచాయి. ఏ సామ్రాజ్యం చేతిలో ఉన్నా వలస ప్రాంతపు అన్నం యుద్ధపు లెక్కల్లో చివరి వరసలోనే ఉండింది.

కంట్రోలు

1942 మేలో టోకు ధాన్యం వర్తకులకు లైసెన్సు తప్పనిసరైంది. డిసెంబరులో కేంద్రంలో ఆహార శాఖ ఏర్పడింది. గోదావరి, కృష్ణా డెల్టాల మిగులు ధాన్యాన్ని మద్రాసు ప్రభుత్వం సేకరించి లోటు జిల్లాలకు పంపసాగింది. వానల మీద, చెరువుల మీద ఆధారపడిన విశాఖ మెట్ట ఊళ్లు డెల్టా బియ్యం వైపు చూడవలసివచ్చింది. 1943లో మద్రాసు నగరంలో రేషను మొదలై తర్వాత ఇతర పట్టణాలకు పాకింది. 1946 కరువు ఏడాదిలో తల ఒక్కింటికి రోజుకు 12 ఔన్సుల ధాన్యం, అంటే 340 గ్రాములు మాత్రమే ఇచ్చారు. కాయకష్టం చేసేవాడికి అది రోజంతటికీ చాలదు.

1943 జూన్‌లో నూలు, బట్టల నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. మిల్లు బట్ట మీద ధర ముద్ర వేయాలి, గడువులోగా అమ్మాలి. పేదలకోసం ముతక బట్టను వేరుగా నేయించారు. మిల్లు నూలు దొరక్క చేనేత మగ్గాలు ఆగాయి. దొరికిన నూలు దొడ్డిదారిన రెట్టింపు ధరకు పోయింది. ఆ అక్టోబరులో సరుకు దాచడాన్ని, అధిక లాభాలను నిషేధిస్తూ ఆర్డినెన్స్ తెచ్చారు. చిల్లర నాణేలకూ కరువే. 1940లో వెండి రూపాయిలో వెండిని సగానికి తగ్గించి, రూపాయి నోటు తెచ్చారు. రాగి ఆదా కోసం 1943లో మధ్యలో రంధ్రంతో కాణీ వచ్చింది. జనం దాన్ని చిల్లి కాణీ అన్నారు.

కంట్రోలు వల్ల మేలేమీ జరగలేదనడం అన్యాయం. రేషను కార్డున్న పట్నం కూలికి అది ప్రాణాధారమే అయింది. ఆలస్యంగా రావడమే దాని పెద్ద లోపం. బర్మా బియ్యం ఆగిన నెలలోనే ఈ ఏర్పాటు ఉంటే బ్లాకు మార్కెట్టు అంతగా వేళ్లూనేది కాదు. పల్లెల్లో కార్డు లేని వ్యవసాయ కూలీకి, తన ధాన్యం సేకరణకు పోగా బజారులో కొనుక్కోవలసిన చిన్న రైతుకు రక్షణ చాలా తక్కువగా దక్కింది. లైసెన్సు పొందగలిగిన పెద్ద వర్తకుడు నిలబడ్డాడు. సంతలో గంపతో అమ్ముకునేవారు అనుమతి లేని వర్తకులుగా మిగిలారు.

యానాం పరిస్థితి మాత్రం అనుకున్నంత చిక్కుల్లో పడలేదు. 1940 సెప్టెంబరులో పాండిచేరి గవర్నరు బోన్వాఁ స్వేచ్ఛా ఫ్రాన్స్ పక్షాన చేరడంతో ఫ్రెంచి స్థావరాలు దిగ్బంధం తప్పించుకున్నాయి. 1941లో బ్రిటిష్ ఇండియాతో సుంకాల కలయిక ఒప్పందం కుదిరింది. ఫ్రెంచి జెండా ఎగురుతున్నా యానాం వర్తకం ఆంగ్లేయుల సుంకాల ప్రకారమే నడిచింది. 1949 దాకా ఆ ఏర్పాటు కొనసాగింది.

యుద్ధం పోయాక

1945లో యుద్ధం ముగిసింది. రక్షణ నిబంధనలు 1946లో గడువు తీరినా వాటి సారం నిత్యావసర సరఫరాల తాత్కాలిక అధికారాల చట్టంలోకి, దిగుమతుల అదుపు 1947 దిగుమతి ఎగుమతుల నియంత్రణ చట్టంలోకి చేరాయి. 1947 డిసెంబరులో గాంధీజీ ఒత్తిడి మీద ఆహార నియంత్రణను సడలించారు. ధరలు ఎగబాకడంతో 1948లో మళ్లీ పెట్టారు. 1952 జూన్‌లో మద్రాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారి రేషను ఎత్తేశారు. ఆ ఏడు వానలు కలిసివచ్చాయి. డెల్టా బియ్యం అనుమతి కాగితం లేకుండా మళ్లీ ఉత్తర జిల్లాలకు వచ్చింది.

సింధియా యంత్రాలు విశాఖకు తిరిగివచ్చాయి. 1948 మార్చి 14న నెహ్రూ ఇక్కడ కట్టిన జలఉష అనే ఓడను జలప్రవేశం చేయించారు. తాత్కాలికమని పేరు పెట్టుకున్న 1946 చట్టం స్థానంలో 1955లో నిత్యావసర వస్తువుల చట్టం వచ్చింది. లైసెన్సు, నిల్వల పరిమితి, ధరల అదుపు అందులోకి బదిలీ అయ్యాయి, ఆ చట్టం నేటికీ అమల్లో ఉంది. 1940 మేలో 68 వస్తువులతో మొదలైన దిగుమతి లైసెన్సు పద్ధతికి ఆధారమైన 1947 చట్టాన్ని 1992లో విదేశీ వర్తక చట్టం తెచ్చినప్పుడు రద్దు చేశారు.